రాయల కాలం మనిషి మనకన్నా సుఖంగా బతికాడా? చెరువు కట్ట మీద నిలబడి వేసిన లెక్క

ఆ మధ్య మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా మేనత్త ఒక వీడియో పెట్టింది. మధ్యయుగంలో రైతు ఏడాదికి 150 రోజులే పని చేసేవాడట, రాత్రి రెండు విడతలుగా కమ్మగా నిద్రపోయేవాడట, మందులు కొట్టని తిండి తినేవాడట, ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేదట. పది నిమిషాల్లో మా చిన్నాన్న కింద రాశాడు: "అవన్నీ ఉత్తమాటలు అక్కా, ఆ రోజుల్లో 30 ఏళ్లకే చచ్చిపోయేవాళ్లు." ఇక మూడు రోజులు గ్రూపంతా అదే వాదన. బెంగళూరులో రాత్రి షిఫ్టులు చేసే మా తమ్ముడు మాత్రం అందులో దిగకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఇందులో నిజమెంత? మనం తెచ్చుకోదగ్గది ఏమన్నా ఉందా?"

వాడు ఊరికే అడగలేదని నాకు తెలుసు. రెండేళ్లుగా సరిగా నిద్రలేదు వాడికి. అందుకే ఒక్కో మాటనూ విడదీసి చూద్దామనుకున్నాను. పైగా నేనుండేది తిరుపతిలో. ఇక్కడ మధ్యయుగం గురించి తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, కొండమీద గుడి గోడలే చెబుతాయి, చంద్రగిరి కోట చెబుతుంది, ఊరిచుట్టూ మిగిలిన చెరువులు చెబుతాయి.

మధ్యయుగం అంటే ఎప్పుడు, ఎవరి మధ్యయుగం

ముందు ఈ మాట సంగతి. మధ్యయుగం అనేది యూరప్ వాళ్లు తమ చరిత్రకు పెట్టుకున్న గుర్తు. రోమ్ సామ్రాజ్యం పడిపోయాక సుమారు 500 నుంచి 1500 దాకా ఉన్న కాలాన్ని వాళ్లు అలా పిలుస్తారు. మన దేశానికి ఈ మాట వాడినప్పుడు హద్దులు మారుతాయి, ఒక్కో చరిత్రకారుడు ఒక్కోచోట గీత గీస్తాడు. మన ప్రాంతం వరకు పల్లవుల చివరి రోజుల నుంచి చోళుల మీదుగా విజయనగరం దాకా అనుకుంటే సరిపోతుంది. విజయనగరం 1336లో మొదలైంది, 1565లో రాక్షస తంగడి యుద్ధంలో దెబ్బతింది, ఆ తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి మన చంద్రగిరికి వచ్చింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, వాట్సాప్‌లో తిరిగే మాటల్లో చాలావరకు ఇంగ్లండ్ రైతు గురించినవి. వాటిని తెలుగులోకి మార్చి, వెనకాల వీణ వాయించి, పక్కన మన గుడి బొమ్మ పెడుతున్నారు. ఇంగ్లండ్ రైతుకు మంచు కురిసే చలికాలం ఉంది. మన రైతుకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అరకొరగా కురిసే ఎర్రనేల ఉంది. ఇద్దరి బతుకూ ఒకటే అనుకోవడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

ఏడాదికి 150 రోజుల పని: లెక్కలోకి రానివాళ్లు ఎవరు

ఈ 150 అంకె గాలిలోంచి పుట్టలేదు. గ్రెగరీ క్లార్క్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1980ల్లో ఇంగ్లండ్ కూలి లెక్కలు చూసి అలాంటి అంచనా ఒకటి వేశాడు. 1991లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం దాన్ని ఎత్తుకుంది, అక్కడి నుంచి ఇంటర్నెట్‌కు పాకింది. తర్వాత మరిన్ని ఆధారాలు చూసిన క్లార్క్ తన లెక్కను తానే మార్చుకుని, పనిదినాలు 250 నుంచి 300 మధ్య ఉంటాయన్నాడు. ఆ సవరణ మాత్రం ఎవరి వీడియోలోనూ కనపడదు.

అయినా 150కి మద్దతు పలికేవాళ్లు చెప్పేదాంట్లో పస ఉంది. ఆదివారాలు, చర్చి పండుగలు కలిపితే అక్కడ సెలవులు బాగానే ఉండేవి. మన దగ్గరా అంతే, శాసనాలు చదివితే తిరుమలలో ఏడాది పొడవునా ఎన్ని ఉత్సవాలు జరిగేవో చూసి ఆశ్చర్యపోతాం. పని ఒక ఊపులో వచ్చి ఒక ఊపులో తగ్గేది. నాట్లప్పుడు, కోతలప్పుడు నడుము విరిగేది, తర్వాత ఊపిరి పీల్చుకునే రోజులుండేవి. ఏడాదంతా ఒకే వేగంతో, రోజూ తొమ్మిదింటికి మొదలయ్యే పని అనేది ఫ్యాక్టరీలు వచ్చాక పుట్టింది. ఈ మాట మీద చరిత్రకారుల్లో పెద్దగా తగాదా లేదు.

తగాదా అంతా దేన్ని పని అంటాం అన్నదాని మీదే. కూలి ఇచ్చిన రోజులనే లెక్కేస్తే ఇంటిపని గాలికిపోతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఆరుగురున్న ఇంట్లో ఒక ఆడమనిషి వడ్లు దంచడానికి, రాగులు ఇసురురాయిలో విసరడానికి, నీళ్లు మోయడానికి రోజుకు కనీసం రెండు గంటలు పెట్టిందనుకుందాం (నిజానికి ఇంకా ఎక్కువే పట్టి ఉంటుంది). ఏడాదికి 730 గంటలు. ఎనిమిది గంటలను ఒక పనిదినం అనుకుంటే 91 రోజులు. పశువులు, పిడకలు, పొయ్యి, పిల్లలు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. మిక్సీ, పిండిమర, కుళాయి వచ్చి మా ఇంటి ఆడవాళ్లకు ఎన్ని రోజులు తిరిగిచ్చాయో అప్పుడు అర్థమవుతుంది. మా మేనత్తకు ఈ లెక్క ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ చేతులు గుర్తొచ్చినాయిరా" అంది తర్వాత.

రెండు విడతల నిద్ర, 30 ఏళ్ల ఆయుష్షు

నిద్ర సంగతి తమ్ముడి కోసం కొంచెం జాగ్రత్తగా చూశాను. అమెరికా చరిత్రకారుడు రోజర్ ఎకర్చ్ 2001లో ఒక వ్యాసం రాశాడు. యూరప్ పాత డైరీల్లో, కోర్టు కాగితాల్లో 'మొదటి నిద్ర' అనే మాట తరచూ కనపడుతోందని, చీకటి పడగానే కొన్ని గంటలు పడుకుని, అర్ధరాత్రి లేచి ఒక గంటో రెండు గంటలో మేలుకుని, మళ్లీ పడుకునేవాళ్లని ఆయన చూపించాడు. ఆధారాలు గట్టివే. అయితే అది మనిషి జాతికంతటికీ సహజమైన నిద్ర అనే మాట నిలవలేదు. 2015లో టాంజానియా, నమీబియా, బొలీవియాల్లో కరెంటు లేకుండా బతికే మూడు తెగల నిద్రను పరికరాలతో కొలిచారు. వాళ్లు ఎక్కువగా ఒకే విడతలో, రాత్రికి సగటున ఆరు నుంచి ఏడు గంటలు, కొందరు అంతకన్నా కొంచెం తక్కువే పడుకున్నారు. పొద్దుగూకగానే కాదు, మూడు గంటలు గడిచాకే పడుకున్నారు. కాబట్టి అర్ధరాత్రి ఒకసారి మెలకువ వచ్చిందని టెన్షన్ పడనక్కర్లేదు, చాలామంది పూర్వీకులకు అది మామూలే. అట్లాగని పనిగట్టుకుని అలారం పెట్టుకుని లేవడంలో అర్థమూ లేదు.

ఇక చిన్నాన్న మాట. సగటు ఆయుష్షు 30 అంటే అందరూ 30కి పోయేవాళ్లని కాదు. పదిమంది పుట్టారనుకోండి. నలుగురు ఏడాది నిండేసరికి పోయారు, ఆరుగురు 55 దాకా బతికారు. మొత్తం 4 కలిపి 330, అంటే 334. పదితో భాగిస్తే సగటు 33 చిల్లర. ఆ పదిమందిలో 33వ ఏట పోయినవాడు ఒక్కడూ లేడు! తాళ్లపాక అన్నమాచార్యుల జీవితకాలం 1408 నుంచి 1503 అని చెబుతారు, అంటే 95 ఏళ్లు. ముసలివాళ్లు అప్పుడూ ఉన్నారు.

కానీ ఆ నలుగురు పసిబిడ్డలను మరిచిపోవద్దు. ఆ కాలంలో ప్రపంచంలో ఎక్కడ చూసినా పుట్టిన పిల్లల్లో మూడోవంతు నుంచి సగం దాకా పెద్దవాళ్లు కాకముందే పోయేవాళ్లు. టీకా, కాన్పు ఆస్పత్రి, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్లు: ఈ మూడింటిని వదిలిపెట్టి వెనక్కి వెళ్లడానికి ఏ తల్లీ ఒప్పుకోదు.

మిరపకాయ లేని రాయలసీమ

తిండి దగ్గరికి వస్తే మనవాళ్లకు ఒక నమ్మకం, సంగటీ చెనిక్కాయల (వేరుశనగల) ఊరిమిండి పచ్చడీ తాతముత్తాతల నాటి తిండి అని. సంగటి వరకు నిజమే, రాగి మన నేలలో చాలా పాతది. చెనిక్కాయ మాత్రం దక్షిణ అమెరికా పంట. మన మెట్టనేలల్లో విస్తారంగా పండించడం 19వ శతాబ్దం తర్వాతి సంగతి. మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ (బంగాళాదుంప), మొక్కజొన్న, జామ, బొప్పాయి, జీడిపప్పు, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాస్కోడగామా 1498లో కేరళ తీరానికి వచ్చాడు. ఆ తర్వాతే, ఎక్కువగా పోర్చుగీసువాళ్ల ఓడల్లో, ఇవి ఒక్కొక్కటీ దిగాయి. అన్నమయ్య మిరపకాయ రుచి చూసి ఉండే అవకాశం దాదాపు లేదు.

అప్పుడేం తిన్నారో చెప్పడానికి కొండమీద శాసనాలే చాలు. నైవేద్యానికి ఏమేం కావాలో కొలతలతో సహా చెక్కించారు: బియ్యం, నెయ్యి, పెసరపప్పు, మిరియాలు, బెల్లం, పెరుగు, ఉప్పు, కూరగాయలు, తాంబూలానికి వక్కలు, తమలపాకులు. అప్పాలు, అతిరసాలు, వడలు, సుఖియలు, మనోహరాలు అని పిండివంటల పేర్లు కనపడతాయి. కారం అంటే మిరియమే.

ఇది తెలిశాక నాకు రెండు విషయాలు తేటపడ్డాయి. 'పాతకాలం తిండి' అని మనం పట్టుకునేది చాలాసార్లు మన అవ్వల కాలం తిండి, రాయల కాలంది కాదు. రెండోది, కొత్త పంటను తెచ్చుకుని మన రుచికి ఇంత బాగా కలుపుకోవడం మనవాళ్లకు ఎప్పటినుంచో అలవాటు. ఈ నెయ్యి, బెల్లం దేవుడి వంటశాలవి, మామూలు రైతు ఇంటివి కావు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. గోడమీద చెక్కించుకునే తాహతు ఉన్నవాళ్ల తిండే మనకు తెలుస్తోంది. గంజి తాగి పనికి పోయినవాడి కొలతలు ఎవరూ చెక్కించలేదు.

రాయలచెరువు రాత్రి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనిషి అలవాట్లు. పని, నిద్ర, తిండి. వాటిలో మనం తెచ్చుకోదగ్గది నాకు పెద్దగా దొరకలేదు. అసలు సంగతి ఇంకోచోట ఉందని నాకు అనిపించింది 2021 నవంబరులో.

ఆ నెల కురిసిన వానలు తిరుపతిలో ఉన్న ఎవరికీ మరుపు రావు. వీధులు ఏరులయ్యాయి, పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, స్వర్ణముఖి పొంగింది. ఆ వరుసలోనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది. విజయనగర రాజుల కాలంలో కట్టిందని ఇక్కడివాళ్లు చెప్పుకునే చెరువు అది, కొండల మధ్య సముద్రంలా ఉంటుంది. కట్ట తెగితే కింద ఊళ్లు మిగలవు. జనాన్ని ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు మోసుకెళ్లి వేశారు. కట్ట నిలిచింది.

కొన్ని వారాల తర్వాత నేను అక్కడికి వెళ్లాను. కట్ట లోపలివైపు పేర్చిన రాళ్లు ఇంకా వరుసలోనే ఉన్నాయి, ఒక్కోటి ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేనంత. వాటి సందుల్లో కంపచెట్లు. కింది ఊరి పెద్దాయన ఒకరు మేకలు తోలుకుని వచ్చి పక్కన కూచున్నాడు. చెట్టు ఉంటే కట్టకు బలమే కదా అన్నాను నేను, తెలియక. ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదు నాయనా. చెట్టు బతికున్నంతసేపు ఫర్వాలేదు. అది ఎండిపోతే వేరు కుళ్లిపోతుంది. వేరున్నచోట బొక్క మిగులుతుంది. నీళ్లకు దావ చూపించినట్టే. చేతిమందం ఉన్నప్పుడే పెరికేయాల." మరి ఎవరు పెరకాలి అని అడిగాను. ఆయన కాసేపు చెరువు వైపు చూసి, "మా తాత కాలంలో దానికొక మనిషి ఉండేవాడు" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని వెళితే మొత్తం వ్యవస్థ బయటపడుతుంది.

చెరువుకు కావలసిన పన్నెండు, ఉండకూడని ఆరు

కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని రాయించాడు. దానికన్నా విలువైనది ఇంకొకటి రాయించాడు: మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు.

పన్నెండింటిలో గట్టి బంకనేల ఉంది, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు ఉంది, పొడవు మరీ ఎక్కువ కాకుండా గట్టిగా ఉండే రాతికట్ట ఉంది, లోతైన విశాలమైన చెరువు గర్భం ఉంది, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని ఉంది, జలశాస్త్రం తెలిసినవాడు ఉన్నాడు, పని వచ్చిన కూలీల గుంపు ఉంది. రాజు ఒక అంగం, కూలి ఒక అంగం, రాయి ఒక అంగం!

దోషాలు చూడండి. కట్టలోంచి నీరు కారడం. చవిటి నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. చెరువు మధ్యలో మిట్ట. నీళ్లు తక్కువై సాగు చేయాల్సిన నేల ఎక్కువ కావడం. నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం. మూడోది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇద్దరి సరిహద్దులో ఉన్నదాన్ని ఎవరూ బాగుచేయరని 650 ఏళ్ల కిందటే రాయి మీద చెక్కారు. నగరపాలికకూ పంచాయతీకీ మధ్య పడిపోయిన మన కాలువలను, ఈ శాఖ ఆ శాఖ మీదకు నెట్టే వంతెనలను గుర్తుచేసుకోండి.

దశబంధం, నీరుగంటి, మేర: బాగుచేసేవాడికి జీతం ఎక్కడినుంచి

చెరువు కట్టడం ఒకసారి అయిపోయే పని. పూడిక తీయడం, తూము చూసుకోవడం, మరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) సరిచేయడం, కట్ట మీద చెట్టు పెరకడం, ఇవి ఏటా ఉంటాయి. దీనికి వాళ్లు చేసిన ఏర్పాటు పేరు దశబంధం. చెరువు కట్టినవాడికో బాగుచేసేవాడికో దాని కింద కొంత నేల పన్ను లేకుండానో, పన్ను తగ్గించో ఇస్తారు. చెరువును మంచిగా ఉంచినంత కాలమే ఆ నేల వాడిది. చెరువు నిండితే వాడి మడీ పండుతుంది, చెరువు తెగితే ముందు నష్టపోయేది వాడే. కాపలాదారుడి లాభాన్నీ ఊరి లాభాన్నీ ఒకే తాడుతో కట్టేశారన్నమాట.

నీళ్లు వదిలే మనిషి నీరుగంటి. ఏ మడికి ఎంతసేపు, ముందు ఎవరికి, ఎవరి తర్వాత ఎవరికి అన్నది అతని చేతిలో ఉంటుంది. అతనికి కళ్లంలోనే వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు, దాన్ని మేర అంటారు. చిత్తూరు పల్లెల్లో ఈ మాటలు పెద్దవాళ్ల నోట ఇంకా వినపడతాయి.

కొండమీద గుడి దీన్నే ఇంకా పెద్ద ఎత్తున చేసింది. తిరుమల తిరుపతి గుడులకు సంబంధించి వెయ్యికి పైగా శాసనాలు దొరికాయి, ఎక్కువ తమిళంలో, మిగతావి తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో. వాటిని చదివి చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఒక విషయం బయటపెట్టాడు. భక్తుడు నైవేద్యం కోసం భండారంలో డబ్బు కడితే, గుడి యాజమాన్యం ఆ డబ్బును గుడి గ్రామాల్లో చెరువులకు, కాలువలకు పెట్టేది. పెరిగిన పంటలోంచి ఆ భక్తుడి పేరున నైవేద్యం నడిచేది.

ఊహకు ఒక లెక్క చెబుతాను, అంకెలు నావి. ఒకాయన ఇచ్చిన సొమ్ముతో ఒక గుడి గ్రామంలో పూడిపోయిన కాలువ బాగుచేశారు. పది ఎకరాల మెట్ట మాగాణి అయింది. అదనంగా వంద బస్తాల వడ్లు పండాయి. రైతుకు, పనివాళ్లకు పోగా గుడికి నలభై వచ్చాయి. ఆ బియ్యంతో రోజూ ఒక తళిగ (పళ్లెం నిండా నైవేద్యం). నైవేద్యం అయ్యాక అందులో నాలుగో భాగం దాత వంతు. ఈ నాలుగోవంతు మాత్రం నా ఊహ కాదు, శాసనాల్లో ఉన్నదే. దాత దాన్ని తన ఇంటివాళ్లకు ఇవ్వచ్చు, వేరేవాళ్లకు రాసివ్వచ్చు, యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టే రామానుజకూటానికి ఇవ్వచ్చు. 15వ శతాబ్దంలో, తర్వాత విజయనగర రాజైన సాళువ నరసింహుడు అలాంటి కూటాలు పెట్టించాడు. ఒకే సొమ్ము రైతుకు నీరైంది, దేవుడికి నైవేద్యమైంది, బాటసారికి అన్నమైంది, ఏటా మళ్లీ మళ్లీ.

దానశాసనాల చివర మామూలుగా ఒక శ్లోకం వస్తుంది: "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనం, దానాత్ స్వర్గమవాప్నోతి పాలనాదచ్యుతం పదం." దానం చేయడం, దాన్ని కాపాడటం, ఈ రెండింటిలో కాపాడటమే గొప్పది, దానంతో స్వర్గమే వస్తుంది, కాపాడితే చ్యుతి లేని పదం వస్తుంది అని. ప్రారంభోత్సవం చేసినవాడికన్నా తర్వాత పదేళ్లు చూసుకున్నవాడికి పుణ్యం ఎక్కువని రాతిమీద చెక్కించిన కాలం అది. తమ్ముడూ, నాకు దొరికిన సమాధానం ఇదే. నువ్వు తెచ్చుకోవాలనుకుంటే వాళ్ల నిద్రనో తిండినో కాదు, దీన్ని తెచ్చుకో.

ఈ ఏర్పాటులో ఎవరి మెడ మీద కాడి ఉంది

ఇక్కడే ఆపేస్తే నేనూ ఆ వీడియో చేసినవాడిలాగే అవుతాను.

గుడిని ఆ కాలపు అభివృద్ధి సంస్థగా చూసే స్టెయిన్ లాంటివాళ్లు ఒకవైపు. ఇంకోవైపువాళ్లు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. పెరిగిన పంటలో రైతుకు నిజంగా మిగిలిందెంత? మట్టి మోసిన వెయ్యిమందికీ కూలి ముట్టిందా, కొందరిది వెట్టా? విజయనగరంలో పెళ్లికి పన్ను ఉంది, మంగలి వృత్తికి పన్ను ఉంది. 16వ శతాబ్దంలో సదాశివరాయల కాలంలో మంగళ్లకు ఆ పన్ను తీసేశారని శాసనాలున్నాయి, అంటే అప్పటిదాకా కట్టారనే కదా. పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రైతులు పండినదాంట్లో పదింట తొమ్మిది వంతులు దొరలకు కట్టేవాళ్లని రాశాడు. అది అతిశయోక్తి అని చాలామంది చరిత్రకారులు అంటారు, అయినా భారం లేదని ఎవరూ అనరు. 1429లో తంజావూరు వైపు పన్నులు భరించలేక జనం ఏకమై ఎదురుతిరిగినట్టు శాసనాలే చెబుతున్నాయి.

కులం సంగతి ఇంకా బాధాకరం. చాలాచోట్ల నీరుగంటి దళిత కుటుంబం మనిషే. అందరి మడికీ నీళ్లు వదిలే చెయ్యి ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. నైవేద్యానికి బియ్యం పండించిన మనుషుల్లో కొందరికి గుడి లోపలికి అడుగుపెట్టే హక్కు 1947 మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం దాకా రాలేదు. 'ఊరంతా ఒక్క కుటుంబం' అన్న మాట ఊరి బయట ఉన్న వాడకు వెళ్లి చెప్పలేం.

అందుకే దశబంధాన్ని యథాతథంగా తెస్తామంటే నేను ఒప్పుకోను. తండ్రి నుంచి కొడుక్కి, పుట్టుకతో అంటుకునే పనిలో అన్యాయం దాగి ఉంది. అందులోంచి తీసుకోవాల్సింది ఒక్కటే: బాగుచేసే పనికి పేరున్న మనిషి, దానికంటూ పక్కన పెట్టిన రాబడి. పుట్టుకతో వచ్చిన బాధ్యత స్థానంలో ఇష్టపడి ఒప్పుకున్న, సరైన కూలి ఉన్న బాధ్యత.

ఆ తాడు ఎక్కడ తెగింది

బ్రిటిషువాళ్ల మీద మొత్తం తప్పు వేయడం తేలిక. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ పెట్టి ఇనాములన్నీ (దశబంధం లాంటి పన్ను మినహాయింపు నేలలు) తిరగదోడినప్పుడు నేలకూ పనికీ ఉన్న ముడి చాలాచోట్ల వదులైన మాట నిజం. అయితే అప్పటికే పాలెగాళ్ల తగాదాల్లో, యుద్ధాల్లో ఎన్నో చెరువులు పాడయ్యాయి. స్వతంత్రం వచ్చాక చెరువు ప్రభుత్వానిది అయింది, ఊరిది కాకుండా పోయింది. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు, కొన్నిచోట్ల అవి బాగా పనిచేశాయి, కొన్నిచోట్ల ఎన్నికల దగ్గరే ఆగిపోయాయి.

నా మటుకు నాకు అన్నిటికన్నా పెద్ద కారణం బోరు అనిపిస్తుంది. ఎవడి పొలంలో వాడు బోరు వేసుకున్నాక చెరువుతో ఏం పని? పూడిక తీతకు రమ్మంటే ఎవడొస్తాడు? కానీ బోర్లోకి నీరు దిగాలంటే చెరువు నిండాలి. అది అర్థమయ్యేసరికి 200 అడుగుల్లో పడిన నీళ్లు వెయ్యి అడుగులకు పోయాయి. అప్పుచేసి నాలుగో బోరు వేసి ఓడిపోయిన రైతు ప్రతి ఊళ్లో ఒకడున్నాడు. నీళ్లు తక్కువ, నేల ఎక్కువ అన్న పోరుమామిళ్ల దోషం అదే.

మా అపార్ట్‌మెంటులో ఇంకుడు గుంత

మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. అందరం డబ్బులేసుకుని 2019లో ఇంకుడు గుంత తవ్వించాం. కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. ఆ తర్వాత దాని మూత ఎవరూ ఎత్తలేదు. 2021 నవంబరులో వాననీళ్లు గుంతలోకి దిగకుండా పార్కింగ్‌లోకి వచ్చి పన్నెండు బండ్లు మునిగాయి. మూత ఎత్తితే నిండా బురద. మీటింగులో ఒకరినొకరు తిట్టుకున్నాం. తప్పు ఎవరిదో తేలలేదు, ఎందుకంటే ఆ పని ఎవరిదని ఎప్పుడూ అనుకోలేదు.

రాయలచెరువు నుంచి వచ్చాక నేను దశబంధం సంగతి అక్కడ చెప్పాను. గేటు పక్కన ఒక పార్కింగ్ జాగా ఖాళీగా ఉండేది. దాన్ని పక్క వీధిలో కారున్నాయనకు నెలకు 1,200కి ఇచ్చాం. ఏడాదికి 14,400. అది గుంతకు, సంపుకు తప్ప దేనికీ ముట్టకూడదని పుస్తకంలో రాసుకున్నాం. వాన కాలం ముందొకసారి, తర్వాతొకసారి శుభ్రం చేయడానికి మాకు తెలిసిన ప్లంబర్‌కు 3,500 చొప్పున 7,000. రెండేళ్లకోసారి కంకర, ఇసుక మార్చడానికి 6,000, అంటే ఏడాదికి 3,000. ఇంకా 4,400 మిగులుతుంది. ఆయన ఒప్పుకుని చేసే పని, ఆయన అడిగిన కూలి. నోటీసు బోర్డు మీద ఆయన పేరు, శుభ్రం చేసిన తేదీ రాస్తాం.

మొన్న సెప్టెంబరు చివర్లో ఆయన గోనెసంచి పట్టుకుని వచ్చాడు. మోకాళ్ల మీద కూచుని ఆకులు, కొబ్బరి పీచు, గట్టిపడిన మట్టి, ఒక చిన్నపిల్ల చెప్పు తీసి బయట వేశాడు. మూడో ఫ్లోరు పాప ఆ చెప్పు తనదేనని గుర్తుపట్టి కడుక్కుని తీసుకెళ్లింది. తర్వాత ఒక బకెట్ నీళ్లు పోసి చెవి ఒగ్గి విన్నాడు. "దిగతా ఉండాది సామీ" అన్నాడు. నేనూ వంగి విన్నాను. అడుగున ఎక్కడో కంకర సందుల్లోంచి నీళ్లు జారిపోతున్న చప్పుడు.